ఆవు వ్యాసం పోవాలంటే ఆరుద్ర పురుగు గురించి అడగాలి

ఆవు వ్యాసం జోకు అందరికీ తెలిసిందే కదా. పిల్లాడికి వచ్చింది ఆ ఒక్క వ్యాసమే, పరీక్షలో కొబ్బరిచెట్టు గురించి రాయమంటే ఆ చెట్టుకి ఆవుని కట్టేసి మళ్ళీ "ఆవు సాధు జంతువు" అని మొదలెడతాడు. నవ్వుకుంటాం గానీ, వాడు చేసింది మనం నేర్పిందే. మన బళ్ళలో చిన్న క్లాసుల్లో రాయడం అంటే చూచిరాత, లేదంటే డిక్టేషన్, అలా మూడు నాలుగేళ్ళు గడిచాక ఒకరోజు సడన్‌గా "సొంత మాటల్లో రాయండి" అంటే సొంత మాటలు ఎక్కణ్ణుంచి వస్తాయి, గైడులోంచే వస్తాయి. దసరా సెలవుల ముందు ఏ బడిలోనైనా నోట్‌బుక్కులు తిరగేసి చూడండి, "దసరా హిందువుల ముఖ్యమైన పండుగలలో ఒకటి" అని ముప్పై మందీ ఒకే వాక్యం రాసి ఉంటారు.

దీనికి మందు అని ఈమధ్య బాగా వినిపిస్తున్నది సీజనల్ జర్నల్. రోజూ ఓ పది నిమిషాలు, ఆ కాలానికి తగ్గ ఒక చిన్న ప్రశ్న, మార్కులు ఉండవు. ఐడియా మంచిదే, నేనూ ఒప్పుకుంటా. ఏం రాయాలి అనే బరువు దిగిపోతే పిల్లలకి ఎలా రాయాలన్న దాని మీద ధ్యాస ఉంటుంది. కానీ మనవాళ్ళు ఏం చేస్తున్నారంటే పింటరెస్ట్‌లో దొరికిన షీట్లని ఉన్నవి ఉన్నట్టు ప్రింట్ తీసి ఇచ్చేస్తున్నారు. హైదరాబాద్‌లో ఓ ప్రైవేట్ స్కూల్లో రెండో క్లాసు పాపకి డిసెంబర్‌లో వచ్చిన ప్రశ్న, మీ స్నోమాన్‌కి ఏం పేరు పెడతావు అని. ఆ పాప మంచు చూసింది ఫ్రిజ్ పై అరలోనే. డాలస్‌లోనో టొరంటోలోనో ఉన్న తెలుగు పిల్లలకైతే అదే ప్రశ్న తెలుగులో అడిగినా పనికొస్తుంది, మనకి కాదు.

అసలు మనకి కాలాలు నాలుగు కాదు కదా, పుస్తకంలో ఆరు ఋతువులు, పొలంలో అయితే 27 కార్తెలు. ఒక్కో కార్తె రెండు వారాలకి కాస్త తక్కువ, అంటే జర్నల్‌కి రెడీమేడ్ క్యాలెండర్ మన ఇంట్లో గోడకే వేలాడుతోంది. రోహిణిలో రోళ్ళు పగిలే ఎండ, జూన్ 8 అటూ ఇటూగా మృగశిర రాగానే ఇంట్లో చేపల కూర, ఆ తర్వాత ఆరుద్ర, తొలకరి వానకి నేల మీద మెత్తటి ఎర్ర ఆరుద్ర పురుగులు కనిపించే రోజులు. బళ్ళు తెరిచేది కూడా సరిగ్గా అప్పుడే.

మా అక్క ఎస్జీటీ, అంటే చిన్న క్లాసుల సర్కారు టీచరు, ఉమ్మడి వరంగల్‌లో ఓ పల్లె బడి. తను మొదట "వర్షాకాలం గురించి రాయండి" అంటే మళ్ళీ అందరూ పాఠంలో లైన్లే దించారట. తర్వాత ప్రశ్న మార్చింది, "ఆరుద్ర పురుగు దొరికితే ఎక్కడ దాచిపెట్టినవ్?" అని. మూడో తరగతి పిల్లాడు ఒకడు రాసింది నాకు ఫోటో తీసి పంపింది: "మా చేన్ల ఎర్ర పురుగు దొరికింది. అగ్గిపెట్టెల పెట్టిన. ముట్టుకుంటే ముడుసుకున్నది. తెల్లారి సూస్తే లేదు. మా తమ్ముడే ఇడిసిపెట్టిండు." ఐదే వాక్యాలు, కానీ అందులో కథ ఉంది, అనుమానం ఉంది, దొంగ కూడా ఉన్నాడు. అంతకుముందు ఆ పిల్లాడు సొంతంగా రెండు లైన్లు దాటింది లేదంట.

తేడా అంతా ప్రశ్నలోనే ఉంది. "బతుకమ్మ పండుగ గురించి రాయండి" అంటే ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజుల లిస్టు వస్తుంది, "గునుగు పువ్వుకి రంగు ఎవరు అద్దిండ్రు, చేతికంటిన రంగు ఎన్ని రోజులకి పోయింది" అంటే ఆ పిల్ల ఇంట్లో మాట వస్తుంది. ఇంకోటి, అన్నీ పండగలే అడిగితే క్లాసులో కొందరు పిల్లలు ఖాళీ పేజీతో కూర్చుంటారు, అందుకే పండగ కంటే వాన, చలి, మామిడికాయ మేలు, అవి అందరివీ. రంజాన్, పీర్ల పండుగ కూడా అడగొచ్చు, కాకపోతే అవి ఏటా పది పదకొండు రోజులు ముందుకి జరుగుతాయి కాబట్టి పోయినేడాది ప్లాన్ కాపీ కొడితే కుదరదు. అపార్ట్‌మెంట్ పిల్లలకి సీజన్ ఎక్కడుంది అంటారు, ఏప్రిల్‌లో "నీళ్ళ ట్యాంకర్ ఎన్నింటికి వచ్చింది, ఎవరు ఎవరితో గొడవపడ్డారు" అని అడిగి చూడండి, పేజీ చాలదు.

నాకు నచ్చనిది ఎర్ర పెన్ను. "చేన్ల" కొట్టేసి "చేనులో", "మక్క కంకి" కొట్టేసి "మొక్కజొన్న పొత్తు" అని రాస్తే పిల్లాడికి అర్థమయ్యేది ఒకటే, మా ఇంట్లో మాట్లాడేది తప్పు అని, మర్నాటి నుంచి మళ్ళీ ఆవు వ్యాసమే. అలాగని ఒత్తులు, దీర్ఘాలు వదిలేయమని కాదు. అక్క జర్నల్‌లో పెన్ను పెట్టదు, ఎక్కువమంది తప్పు రాసిన మూడు పదాలు మర్నాడు బోర్డు మీద రాయించి వదిలేస్తుంది. తెలంగాణలో 2022-23 నుంచి సర్కారు బళ్ళు ఇంగ్లిష్ మీడియంలోకి వెళ్ళాయి కాబట్టి కొందరు సగం తెలుగు సగం ఇంగ్లిష్ రాస్తారు, దానికీ ఏమీ అనదు.

కష్టాలు లేవని కాదు. ఒక్క టీచరే ఐదు క్లాసులు చూసే బడిలో రోజూ అన్ని పుస్తకాలు ఎవరు చదువుతారు, వంతులేసుకుని రోజుకి ఆరేడు చదివితేనే ఎక్కువ. పైగా లెక్కలోకి వచ్చేది వేరే. చిన్న క్లాసుల పిల్లలకి చదవడం, లెక్కలు రావాలని 2021లో కేంద్రం నిపుణ్ భారత్ వచ్చింది, ఆ మరుసటి ఏడాది అదే పని మీద తెలంగాణలో తొలిమెట్టు వచ్చింది, పిల్లల చదువు మీద సర్వే చేసే అసర్ వాళ్ళు ఊళ్ళకొచ్చి చదవడం, లెక్కలు చూస్తారు, అవన్నీ కావాల్సినవే, కాదనను. కానీ పిల్లాడు సొంతంగా ఐదు వాక్యాలు రాశాడా లేదా అన్నది హెడ్‌లైన్ అయ్యే అంకె కాదు, అంకె కానిదానికి టైంటేబుల్‌లో పీరియడ్ దొరకడం కష్టం. అక్క దాన్ని ప్రార్థన అయ్యాక అటెండెన్స్ తీసుకునే టైములో ఇరికించింది.

మొన్న తనిఖీకి వచ్చిన సారు నోట్‌బుక్కులు తిరగేసి కరెక్షన్ ఏది మేడం అన్నారట. అప్పట్నుంచి చదివినట్టు గుర్తుగా ప్రతి పేజీ కింద ఓ చిన్న టిక్ పెడుతోంది. ఆ ఆరుద్ర పురుగు పిల్లాడు టిక్ పక్కన రాశాడు, "మేడం, మొత్తం సదివినవా? మరి మా తమ్ముడు ఏం జేసిండో చెప్పు."