అత్తగారి అసలు పేరు ఎవరికి తెలుసు?

తిరుమలలో గుడి ముందు రోజూ పొద్దున్నే ఓ చిన్న తతంగం నడుస్తుంది. బ్రేక్ దర్శనం చేసుకుని ఎవరో ఒక సినిమా నటి మహాద్వారం నుంచి బయటికొస్తుంది. కెమెరాలు పరుగెత్తుతాయి. 'స్వామివారి దర్శనం బాగా జరిగింది' అని రెండు ముక్కలు, ఓ నమస్కారం, కారు. పావుగంటలో 'శ్రీవారిని దర్శించుకున్న ప్రముఖ నటి' అని వార్త పడిపోతుంది. తిరుపతిలో ఉండి వార్తలు రాసే మాలాంటివాళ్లకు ఇది రోజువారీ కూలిపని. ఇలాంటివి నేనే వందల్లో రాసుంటాను. సీరియల్లో అత్తగారి వేషం వేసే ఆవిడ మీద మాత్రం ఒక్కటీ రాయలేదు.

ఆవిడ కొండకు రాదని కాదు. 300 రూపాయల టికెట్టు కొనుక్కుని క్యూలో వస్తుంది. మనం చూడం, అంతే.

నేను చూసింది కూడా డ్యూటీలో ఉండి కాదు. ఇంట్లోవాళ్లతో కలిసి క్యూలో నిలబడ్డ రోజు మా ముందు యాభై ఏళ్లు దాటిన ఒకావిడ, ఆమె చెల్లెలు ఉన్నారు. టికెట్టు, ఆధార్ కార్డు చూసే చోట సిబ్బంది ఆమె పేరు పైకే చదివారు. పేరు, ఇంటిపేరు, అన్నీ స్పష్టంగా. ఒక్కరూ తల తిప్పలేదు. లోపల కంపార్ట్‌మెంట్లో కూర్చున్న పది నిమిషాలకు వెనకనుంచి ఒకమ్మాయి సీరియల్లో ఆమె పాత్ర పేరు పెట్టి గట్టిగా అరిచింది. గది మొత్తం ఇటు తిరిగింది. ఫోన్లు ముందే డిపాజిట్ చేసేశాం కాబట్టి సరిపోయింది, లేకపోతే సెల్ఫీల తొక్కిసలాటే. ఓ పెద్దావిడ లేచొచ్చి, 'ఏమ్మా, ఆ బిడ్డను అంత యాతన పెడతా వుండావే, నీకు ఆడబిడ్డలు లేరా?' అని నిలదీసింది. తమాషాకు అడగలేదు, కోపంగానే అడిగింది. 'నేనేం చేసేది జేజీ, రాసిచ్చినోళ్లను అడగాల' అని ఈవిడ నవ్వేశారు. అవ్వను పిలిచే ఆ 'జేజీ' వినగానే మా వైపు మనిషేనని తెలిసిపోయింది. చిత్తూరు పక్క పల్లె.

ఆ తర్వాత మూడు గంటల క్యూ మాటల్లోనే గడిచింది. ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు. పాత్ర పేరు రాసినా ఎవరో ఇట్టే తెలిసిపోతుంది కాబట్టి అదీ రాయను. 'ఇంకో సీరియల్ రావాల కదా నాయనా, నా పేరెత్తొద్దు' అన్నారు. పేరు లేకపోవడం గురించి పేరు లేకుండానే రాయాల్సి వస్తోంది.

టీవీ క్యారెక్టర్ నటికి గుర్తింపు లేదని అందరూ అంటారు. అది తప్పు. ఆమెకున్నంత గుర్తింపు చాలామంది సినిమా హీరోయిన్లకు కూడా ఉండదు. హీరోయిన్ ఏడాదికి ఒకటో రెండో సినిమాల్లో కనిపిస్తే, ఈమె సోమవారం నుంచి శనివారం దాకా, అన్నాలు తినే వేళకు, మన హాల్లోకి వచ్చి కూర్చుంటుంది. మొహం తెలుసు, గొంతు తెలుసు, కోపమొస్తే ఏ కనుబొమ్మ లేస్తుందో కూడా తెలుసు. పేరే తెలియదు. చూడటానికి చిన్న విషయంలా ఉంటుంది కానీ ఆమె బతుకంతా దానిమీదే ఆధారపడి ఉంది. నటుల బేరం పేరు మీద నడుస్తుంది. మొహం మీద నడవదు.

సూర్యకాంతాన్నే తీసుకోండి. గయ్యాళి అత్తగా ఆమె ఎంత వెలిగారంటే, ఆ తర్వాత ఆడపిల్లలకు ఆ పేరు పెట్టడమే మానేశారని ఇప్పటికీ చెప్పుకుంటారు. తిట్టుకున్నా పేరు పెట్టే తిట్టుకున్నారు. గుండమ్మ లాంటి ఒకటి రెండు తప్ప పాత్రల పేర్లు ఎవరికీ గుర్తులేవు, సినిమా ఏదైనా ఆవిడ సూర్యకాంతమే. 1994 డిసెంబరులో ఆమె పోయారు. ఎనిమిది నెలలకు, 1995 ఆగస్టులో, ఈటీవీ మొదలైంది. అత్తగారు వెండితెర దిగి టీవీలోకి వచ్చింది. అక్కడే లెక్క తిరగబడింది. ఇప్పుడు పాత్ర పేరు ఊరందరికీ తెలుసు, వేసినావిడ పేరు ఎవరికీ అక్కర్లేదు.

మా వైపు సంగతే చెప్పాలంటే చిత్తూరు నాగయ్య ఉన్నారు. 1904లో పుట్టిన మనిషి, ఇక్కడ నాటకాలాడి పేరు తెచ్చుకుని మద్రాసు వెళ్లారు. ఊరి పేరే ఆయన ఇంటిపేరైపోయింది. 1965లో పద్మశ్రీ వచ్చింది. సంపాదించినదంతా దానధర్మాలకు పోసి 1973లో చేతిలో ఏమీ లేకుండా వెళ్లిపోయారు. డబ్బు నిలవలేదు గానీ పేరు నిలిచింది. ఆయన పోయి యాభై ఏళ్లు దాటినా చిత్తూరు అనగానే ఆ పేరు నోట్లోకి వస్తుంది. మూడు వేల ఎపిసోడ్లు చేసిన టీవీ నటికి రేపు డబ్బూ మిగలదు, పేరూ మిగలదు.

మన సీమలో వేషం కొత్తేమీ కాదు. తిరుపతి గంగమ్మ జాతరలో బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి, సున్నపుకుండలు అని రోజుకో వేషం కడతారు. పాలెగాణ్ణి వెతకడానికి గంగమ్మ అన్ని వేషాలు మార్చిందని కథ. మీసాలున్న మగవాళ్లు చీరకట్టి, పూలు పెట్టుకుని వీధిలో నడుస్తారు. కొన్ని వేషాల్లో నోటికొచ్చిన బూతులు తిట్టుకుంటూ గుడికి వెళ్తారు. ఎవరూ తప్పు పట్టరు, ఎదురొచ్చి దండం పెడతారు. మర్నాడు అదే మనిషి అంగట్లో కూర్చుని బియ్యం జోకుతుంటే నిన్నటి బూతుల గురించి ఎవరూ అడగరు. చిత్తూరు పల్లెల్లో ద్రౌపదమ్మ గుడి భారతమూ అంతే. పద్దెనిమిది రోజులు పగలు హరికథ, రాత్రి వీధినాటకం. ద్రౌపది వేషం కట్టేది మగమనిషే. చివరి రోజు మట్టితో చేసిన దుర్యోధనుడి పక్కన వధ జరుగుతుంది, సాయంత్రం అగ్నిగుండం తొక్కుతారు. అంతటితో అయిపోయింది. దుర్యోధనుడి వేషగాడు మొహం కడుక్కుని ఇంటికెళ్తాడు.

వేషం దింపేది అందరూ చూస్తారు. నా దృష్టిలో అసలు తేడా ఇదే. వేషాన్నీ మనిషినీ వేరు చేసి చూడటం మన జనానికి తెలియక కాదు, తరతరాలుగా తెలుసు. కానీ డైలీ సీరియల్లో వేషం దింపే రోజంటూ రాదు. ఐదేళ్లు, ఆరేళ్లు, చానెల్‌కు రేటింగ్ వచ్చినంతకాలం అత్త అత్తే. క్యూలో నిలదీసిన ఆ జేజి అమాయకురాలు కాదు. దుర్యోధన వధ జరగని భారతాన్ని ఆమెకు చూపిస్తున్నారు, అంతే.

ఇక ఈవిడ కథ. బళ్లో నాటకాలు వేశారు. వీధినాటకంలో ఆడవాళ్లకు చోటు లేదు కాబట్టి ఆ దారి మూసుకుపోయింది. పక్కనే కడప జిల్లా సురభిలో 1885 నుంచీ కుటుంబాలకు కుటుంబాలే నాటకాలాడాయి, ఆడవేషాలు ఆడవాళ్లే కట్టారు. అలాంటి ఇంట్లో పుట్టనందుకు ఆమె ఇప్పటికీ నొచ్చుకుంటారు. పెళ్లయ్యాక మద్రాసులో ఉన్నప్పుడు డబ్బింగ్ చెప్పారు. తెలుగు, తమిళం, కొంచెం కన్నడం, మా జిల్లావాళ్లకు మూడూ పొలం గట్టు దాటినంత దూరంలోనే ఉంటాయి. ప్రైవేటు చానెళ్లొచ్చాక హైదరాబాద్ మారారు. మొదట పనిమనిషి, తర్వాత పక్కింటి పిన్ని, తర్వాత హీరోయిన్ తల్లి, నలభై దాటాక అత్త. 'అత్తనయినాక కొంచెం స్థిరపడినాను' అన్నారు. ఆ మాటకు మా ఆవిడ పగలబడి నవ్వింది.

పాతికేళ్లలో ఆమె టీవీలో చిత్తూరు యాస మాట్లాడింది పనిమనిషి వేషంలోనేనట. మేడలో ఉండే అత్తకు ఆ యాస పనికిరాదు. పల్లెలో ఎకరాలున్న రెడ్డిగారి ఇల్లాలూ, కమ్మవారి పెద్దమ్మా ఇంట్లో ఏ భాష మాట్లాడతారో సీరియల్ రాసేవాళ్లు ఒక్కసారి ఇటొచ్చి వింటే బాగుండు. ఇంకో విచిత్రం. హీరోయిన్ కన్నడమో మలయాళమో అమ్మాయి అయితే పక్కనుంచి ప్రాంప్టింగ్ చెప్పి నడిపిస్తారు, గొంతు తర్వాత ఎవరో ఇస్తారు. సీనులో తెలుగు నిలబెట్టేది ఎదురుగా ఉన్న ఈ అత్తగారే. పోస్టర్ మీద ఆమె ఉండదు.

పని లెక్కంతా రోజుల మీదే. నెలకు ఇన్ని రోజుల కాల్ షీట్, రోజుకు ఇంత. చీరలు చాలావరకు సొంతానివే. కోటీశ్వరురాలి వేషం కాబట్టి పట్టుచీరలు ఉండాలి, కట్టిందే కడితే చూసేవాళ్లు పట్టేస్తారు. చెల్లెలి చీరలు, వదిన చీరలు, పెళ్లిళ్లలో పెట్టిన చీరలు అన్నీ షూటింగ్‌కు వెళ్లొచ్చాయి. డబ్బు చేతికొచ్చేసరికి నెలలు గడుస్తాయి. గురువారం రేటింగులొస్తాయి. పడిపోతే కథలో ట్రాక్ మారుతుంది, ట్రాక్ మారితే ఆ నెల ఈమెకు పది రోజులు కాస్తా మూడు రోజులవుతాయి. బుధవారం రాత్రి నిద్రపట్టదన్నారు. పరీక్ష రాసిన పిల్లల టెన్షన్ ఈ వయసులోనా అని ఆమే నవ్వారు.

2020 మార్చిలో షూటింగులు ఆగిపోయినప్పుడు ఊరికొచ్చేశారు. చిరంజీవి పూనికతో సీసీసీ (కరోనా క్రైసిస్ చారిటీ) పేరుతో సినీ కార్మికులకు సరుకులు పంచారు. తోటి ఆర్టిస్టు ఒకామె 'మనమూ అడుగుదామా' అంటే ఈమెకు మొహం చెల్లలేదట. టీవీలో వందకోట్ల ఆస్తి పంచుతూ ఉన్న మనిషి బియ్యం సంచీకి ఎలా నిలబడేది! జూన్‌లో తమ్ముడి తోటలో తోతాపురి మామిడికాయలు కోయించి మండీకి తోలించారు. మండీలో కూడా పాత్ర పేరుతోనే పిలిచారు. రేటు మాత్రం అందరికీ ఇచ్చిందే ఇచ్చారు.

పేరు లేకపోవడం ఎంత ఖరీదైనదో తెలియాలంటే ఒక స్లైడు గమనించండి. నటి మారినప్పుడు తెర మీద 'ఇకపై ఈ పాత్రలో ఫలానావారు నటిస్తారు' అని పడుతుంది. సీరియల్ మొత్తంలో ఒక క్యారెక్టర్ నటి పేరు మనం తీరిగ్గా చదువుకోగలిగేది ఆ నాలుగు సెకన్లే. అదీ కొత్తగా వచ్చినామె పేరు. వెళ్లినామె పేరు అందులో ఉండదు. వారం రోజులు జనం 'పాతామే బాగుండేది' అంటారు, తర్వాత అలవాటు పడిపోతారు. ఈ సంగతి నిర్మాతకు తెలుసు, నటికీ తెలుసు. రేటు పెంచమని అడగబోయే ముందు ఆమెకు ఆ స్లైడే కళ్ల ముందు మెదులుతుంది. సూర్యకాంతం రాకపోతే ఆ వేషం ఆగిపోయేది. ఇక్కడ వేషం ఆగదు, మనిషే మారుతుంది.

చిన్న వయసు నటీమణులు దీనికో దారి వెతుక్కున్నారు. సొంత యూట్యూబ్ చానెల్, ఇన్‌స్టా, హోమ్ టూరు, తిరుమల నడకదారి వ్లాగ్. వాటిని వెక్కిరించేవాళ్లలో మొన్నటిదాకా నేనూ ఉన్నాను. ఇప్పుడు వెక్కిరించను. తన పేరు తానే జనానికి చెప్పుకునే తంటా అది. కానీ ఆ దారి పాతికేళ్లవాళ్లకు నడిచినట్టు యాభై అయిదేళ్లావిడకు నడవదు. సొంతింట్లో వంకాయ కూర వండి చూపించినా కింద కామెంట్లో 'మీ కోడలికి విషం పెట్టకండి' అని రాస్తారు.

చానెళ్లు చేయగలిగినవి పెద్ద పనులేం కావు. వారానికి ఒక్క ఎపిసోడ్ చివరైనా నటుల పేర్లు కంటికి ఆనేంత నెమ్మదిగా వేయొచ్చు. మార్పు స్లైడులో వెళ్లినామె పేరు కూడా చేర్చి ఓ దండం పెట్టొచ్చు. యాప్‌లో సీరియల్ కింద నటుల జాబితాలో హీరో హీరోయిన్ల తర్వాత ఇంకో పది పేర్లకు చోటుంది, దానికి కాగితం ఖర్చు కూడా లేదు. ఇక మా పోర్టళ్ల సంగతి. ఈ తప్పులో మా వాటా చిన్నదేం కాదు. 'సీరియల్ అత్తకు శ్రీవారి దర్శనం' అని హెడ్డింగ్ పెట్టడానికైనా ముందు పేరు కనుక్కోవాలి, కనుక్కునే ఓపిక మాకు లేదు.

ఫొటో సంగతి చెప్పకపోతే ఇదంతా చెప్పీ చెప్పనట్టే. అంతకు ముందరి సీరియల్లో ఆమె పాత్ర చనిపోయింది. ముందుగా ఎవరూ చెప్పలేదు. ఒక రోజు ప్యాకప్ అయ్యాక, 'అమ్మా, ఒక్క ఫొటో దిగండి, గోడకు' అన్నారట. గోడకు అనగానే అర్థమైంది. బొట్టు సరిచేసుకుని, కొంచెం నవ్వుతూ దిగారు. దండ వేసిన ఆ ఫొటో హాలు గోడమీద ఏడాదిన్నర ఉంది. కొడుకు దాని ముందు ఏడ్చాడు, కోడలు దాని ముందు శపథాలు చేసింది. రోజూ ఆమె మొహం తెరమీదికి వచ్చింది, ఆమెకు ఒక్క రూపాయి రాలేదు. కాల్ షీట్ ఇచ్చింది మనిషి కాదు కదా, ఫొటో. మొదటి రోజు ఎపిసోడ్ చూసి ఊళ్లో మేనత్త ఫోన్ చేసి, 'ఏం మే, బాగుండావా?' అని అడిగి, గొంతు వినగానే భోరుమందట.

సీరియల్ అయిపోయాక సామాను సర్దేస్తుంటే ఆ ఫ్రేము ఇమ్మని అడిగి తెచ్చుకున్నారు. ఇంట్లో అది అలా ఉండకూడదని చెల్లెలు గొడవ చేస్తే ఫొటో తీసేసి, మంచి చెక్క కదా అని అందులో శ్రీవారి పటం పెట్టించారు. వెనక అట్ట మాత్రం మార్చలేదు. దాని మీద సెట్టు కుర్రాళ్లు నల్ల మార్కర్‌తో రాసుకున్నది అలాగే ఉందట: 'అత్త, హాలు, ఎడమ గోడ'.