పిల్లల్ని నిలబెట్టారు సరే, పక్కన పెద్దోడేడి?

39, 19, 43. ఈ మూడూ ఒకే క్లబ్ లెక్కలు. ఇండియన్ సూపర్ లీగ్‌లో ఆడిన ఫుట్‌బాల్ క్లబ్ హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టిన 2019-20 సీజన్లో 18 మ్యాచ్‌లాడి సమర్పించుకున్న గోల్స్ 39. మరుసటి ఏడాది 20 మ్యాచ్‌ల్లో 19. ఆ తర్వాత మూడేళ్లకు, 2023-24లో, 22 మ్యాచ్‌ల్లో 43. మొదటి అంకె సంగతి వదిలేయండి. కొత్త క్లబ్, తడబడింది, పట్టికలో అట్టడుగున ఆగింది. మిగతా రెండు అంకెల దగ్గరే నా గొడవంతా. ఆ రెండు సీజన్లలోనూ వెనక వరసలో ఎక్కువమంది కుర్రాళ్లే. ఒకసారి గోల్స్ సగానికి తగ్గాయి. ఇంకోసారి తూము తెంచినట్టు పోయాయి.

ఓడిపోయే జట్టు ఏదైనా సరే, మన దగ్గర ముందుగా వినిపించే సలహా ఒక్కటే: ముసలాళ్లను పంపించేసి కుర్రాళ్లను దించండి. డిఫెన్స్ విషయంలో మరీను. నేనూ కుర్రాళ్ల పక్షమే, కాకపోతే ఒక షరతు ఉంది. వెనకున్న నలుగురిలో కనీసం ఒకడు, వీలైతే గోలీతో కలిపి ఇద్దరు, దెబ్బలు తిని ముదిరినవాళ్లు ఉండాలి. ఆ షరతు తీసేసి చేసే పనికి జట్టు నిర్మాణం అని పేరు పెట్టకండి. జీతాలు మిగుల్చుకోవడం అనండి, ఎవరికీ అభ్యంతరం ఉండదు.

2020-21 వెనక వరస గుర్తుందా? లెఫ్ట్ బ్యాక్ ఆకాశ్ మిశ్రా, యూపీలోని బల్‌రాంపూర్ కుర్రాడు, సీజన్ మొదలైన వారానికి 19 నిండాయి. రైట్ బ్యాక్ ఆశిష్ రాయ్, సిక్కిం వాడు, 21 ఏళ్లు. ముందు ఏడాది 39 గోల్స్ తిన్న జట్టులోనూ ఇతనున్నాడు, అది మర్చిపోవద్దు. మధ్యలో మణిపూర్ నుంచి చింగ్లెన్‌సనా సింగ్, 24. అతని పక్కన స్పెయిన్ నుంచి తెచ్చిన ఒడెయ్ ఒనైండియా, 31కి దగ్గరపడ్డవాడు. గోల్లో మొదట సుబ్రతా పాల్, తర్వాత లక్ష్మీకాంత్ కట్టిమణి, ఇద్దరూ ముప్పై దాటినవాళ్లే. కోచ్ మనోలో మార్కెజ్. అంటే ముగ్గురు కుర్రాళ్లు, ఇద్దరు పెద్దవాళ్లు. మరుసటి ఏడాది ఒనైండియా వెళ్లిపోతే ఆ చోటులోకి కుర్రాణ్ని తేలేదు, 34 ఏళ్ల హువానన్‌ను తెచ్చారు. మనుషులు మారారు గానీ ఆ లెక్క మారలేదు.

ఫలితం అందరికీ తెలిసిందే. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్దాలో లీగ్ ఫైనల్. కేరళ బ్లాస్టర్స్ ముందుంది, 88వ నిమిషంలో సాహిల్ తవోరా సమం చేశాడు, పెనాల్టీల్లో కట్టిమణి మూడు ఆపి కప్పు తెచ్చాడు. అప్పటికే, 2021 మార్చిలో ఒమన్‌తో జరిగిన మ్యాచ్‌లో, ఆకాశ్, చింగ్లెన్‌సనా ఇద్దరూ దేశం తరఫున తొలిసారి ఆడేశారు. ఏ అకాడమీ బ్రోచరూ చేయలేని ప్రచారం ఇది.

సీనియర్ స్టాపర్, అంటే వెనక వరస మధ్యలో నిలబడే డిఫెండర్, చేసే పని టీవీలో కనపడదు. కెమెరా బంతి వెంట పోతుంది, అతని పనంతా బంతి లేని చోట ఉంటుంది. నాకది అర్థమైంది పెద్ద స్టేడియంలో కూడా కాదు, పాతబస్తీ బార్కస్ మైదానంలో, ఒక ఆదివారం పొద్దున. నలభై దాటిన చచా ఒకాయన, మోకాలికి క్రేప్ బ్యాండేజీ, పొట్ట కొంచెం ముందుకొచ్చింది. పరిగెత్తడు, నడుస్తాడు. అటూ ఇటూ ఇంటర్ చదివే వయసు పిల్లలు. బంతి అవతలి హాఫ్‌లో ఉంది. అందరూ దాన్నే చూస్తున్నారు. చచా మాత్రం తనకూ ఎడమ పక్క పిల్లాడికీ మధ్య ఖాళీని చూస్తున్నాడు. "అందర్ ఆ రే, అందర్!" అంటూ చేత్తో సైగ. పిల్లాడు విసుక్కుంటూనే నాలుగడుగులు లోపలికి జరిగాడు. అర నిమిషం కూడా కాలేదు, అవతలి నుంచి పొడుగాటి బంతి సరిగ్గా ఆ నాలుగడుగుల చోటుకే వచ్చి పడింది. పిల్లాడు ఛాతీతో ఆపి తీరిగ్గా గోలీకి ఇచ్చేశాడు. గట్టు మీద కూర్చున్నవాళ్లు పిల్లాడికి చప్పట్లు కొట్టారు. చచా అప్పటికే కుడి పక్కకు తిరిగి ఇంకొకడి మీద అరుస్తున్నాడు.

డిఫెన్స్ అంటే ఇదే. నలుగురు కలిసి మాట్లాడే భాష అది. అరుపులు, సైగలు, ఒక్కోసారి బూతులు. పైకి ఎప్పుడు జరగాలి, ఎప్పుడు వెనక్కి తగ్గాలి, ఆఫ్‌సైడ్ గీత ఎవరు పట్టాలి, కార్నర్ వచ్చినప్పుడు దగ్గరి స్తంభం ఎవరిది. పుస్తకంలో రాసిస్తే రాదు, మాట్లాడేవాడి పక్కన నిలబడితే వస్తుంది. ఫార్వర్డ్ పది అవకాశాలు పోగొట్టి ఒకటి కొడితే దండేస్తారు. డిఫెండర్ పది ఆపి ఒకటి వదిలితే సోషల్ మీడియాలో వారం రోజులు మీమ్స్. పందొమ్మిదేళ్ల వాడు తప్పు చేస్తాడు, చేయకపోతేనే ఆశ్చర్యం. ఆ తప్పు గోల్ దాకా పోకుండా సర్దేవాడు ఉన్నాడా లేడా అన్నదే ప్రశ్న. ఆకాశ్ మిశ్రా ఎడమ పక్క నుంచి అంత ధైర్యంగా పైకి ఉరికాడంటే కాళ్లలో వేగం ఒక్కటే కారణం కాదు. తను వదిలిన చోటులోకి వెనక ఎవరో జరుగుతారని వాడికి తెలుసు.

ఇప్పుడు 2023-24. ఆశిష్ రాయ్ అంతకు ముందే మోహన్ బగాన్‌కు వెళ్లాడు. ఆకాశ్ ముంబయికి, మార్కెజ్ గోవాకు. క్లబ్‌లో డబ్బుల కష్టాలు, జీతాల బకాయిలు, కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా ఫిఫా ట్రాన్స్‌ఫర్ నిషేధం. జనవరిలో చింగ్లెన్‌సనా, నిఖిల్ పూజారి బెంగళూరుకు పోయారు. విదేశీయుల్లో చివరికి మిగిలింది జువావ్ విక్టర్ ఒక్కడే, అతను మిడ్‌ఫీల్డర్. కోచ్ థాంగ్‌బోయ్ సింగ్టో చేతిలో మిగిలింది అలెక్స్ సాజీ లాంటి ఇరవైల్లోని కుర్రాళ్లు, వాళ్లకంటే చిన్నవాళ్లు. 22 మ్యాచ్‌లు, ఒక్క గెలుపు, 8 పాయింట్లు. ఆ ఒక్కటీ మార్చిలో చెన్నయిన్ మీద. తర్వాతి సీజన్‌కు యాజమాన్యం మారినా 13 జట్లలో 12వ స్థానం. ఆ కుర్రాళ్లను నేను ఒక్క మాట కూడా అనను. ప్రతి వారం వచ్చి నిలబడ్డారు, దెబ్బలు తిన్నారు, మళ్లీ వచ్చారు. కానీ వాళ్లకు "ఇటు జరుగు" అని చెప్పేవాడు ఆ వరసలో లేడు. ఎవరికి వాళ్లే చెప్పుకోవాలి, ఎవరికీ తెలియదు.

దీనికి ఎదురు వాదన ఉంది, అన్యాయమైనదేమీ కాదు. డబ్బుల్లేని క్లబ్ ఇంకేం చేస్తుంది, ఆడితేనే కదా కుర్రాళ్లు నేర్చుకునేది అంటారు. పైగా 2020-21, 2021-22 సీజన్లు కరోనా వల్ల మొత్తం గోవాలోనే జరిగాయి, గ్యాలరీలు ఖాళీ, కుర్రాళ్ల మీద జనం ఒత్తిడి లేదు, పోలిక కుదరదు అంటారు. ఒప్పుకుంటాను, సగం. గోవాలో జనం లేరు గానీ నెలల తరబడి ఒకే హోటల్లో, ఒకే టేబుల్ దగ్గర పెద్దవాళ్లతో కలిసి తిన్నారు, వీడియోలు చూశారు. అది నా వాదనకే బలం. ఇక ఆడితే నేర్చుకుంటారన్నది నిజమే. ఏం నేర్చుకుంటారన్నదే తేల్చాలి. వారం వారం మూడేసి గోల్స్ తినేవాడు బంతిని గుడ్డిగా గ్యాలరీలోకి తన్నడం నేర్చుకుంటాడు.

ఒకప్పటి భారత జట్టు కోచ్ రహీం సాబ్ నగరంలో కూర్చుని ఈ మాట చెప్పాల్సి రావడమే నాకు కష్టంగా ఉంది. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఆయన చేతిలో తయారైంది. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో సయ్యద్ అబ్దుల్ రహీం చేసిన పని చూడండి. స్టాపర్ జర్నయిల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. ఆయన్ని తీసుకెళ్లి సెంటర్ ఫార్వర్డ్‌గా పెట్టి, వెనక భారాన్ని 21 ఏళ్ల అరుణ్ ఘోష్, తోటి డిఫెండర్ల మీద వేశారు. ఫైనల్లో జర్నయిల్ గోల్ కొట్టాడు, దక్షిణ కొరియా మీద 2-1తో బంగారం. కుర్రాడి మీద నమ్మకమంటే ఇది కదా అంటారేమో. అవును. కానీ ఆ కుర్రాడు అప్పటికి జర్నయిల్ పక్కన నిలబడి ఆడినవాడు. గోల్లో ఉన్నది పీటర్ తంగరాజ్. బెంచీ మీద ఉన్నది రహీం. పెద్దవాళ్లు వెనకా పక్కనా ఉండగా వదిలిన కుర్రాడు వాడు.

మరి ఆ పెద్దవాళ్లు ఇప్పుడెక్కడ? ఇక్కడే మన లీగ్ తన గొయ్యి తనే తవ్వుకుంది. విదేశీ ఆటగాళ్లకున్న నాలుగు చోట్లలో క్లబ్బులు ముందు స్ట్రైకర్‌ను కొంటాయి, ఆ వెంటనే స్టాపర్‌ను. మంచి ఎత్తున్న మన కుర్రాడు పక్కకు, ఫుల్ బ్యాక్ చోటుకు పోతాడు. పదేళ్లు ఇలా నడిస్తే ముప్పై ఏళ్ల దేశీ స్టాపర్ ఎక్కణ్నుంచి వస్తాడు? 2022లో మొదలైన డెవలప్‌మెంట్ లీగ్ మంచి ప్రయత్నమే, కాకపోతే అక్కడా దాదాపు అందరూ 21 లోపువాళ్లే. పిల్లలు పిల్లలతో ఆడతారు. జాతీయ జట్టు సీనియర్ స్టాపర్ సందేశ్ జింగాన్ మోకాలి గాయంతో 2024లో చాలా నెలలు లేకపోతే జాతీయ జట్టు పరిస్థితి చూశాం. ఆ ఏడాది 11 మ్యాచ్‌లు, గెలుపు సున్నా. నవంబర్ 18న జింగాన్ తిరిగొచ్చిన మ్యాచ్ మన గచ్చిబౌలిలోనే, మలేషియాతో. గోల్ కీపర్ గుర్‌ప్రీత్ ముందుకొచ్చేసిన ఒక్క పొరపాటుకి ఖాళీ గోల్లోకి బంతి పోయింది. సమం చేసిన హెడర్ ఎవరిది? 33 ఏళ్ల రాహుల్ భేకేది. ముసలాళ్లను పంపించేయాలట!

ఇదంతా ఫుట్‌బాల్ గొడవే అనుకుని వదిలేయొచ్చు, నేను వదలలేకపోతున్నాను. "యువతకు అవకాశం" అనే మాట ఈ మధ్య ఎక్కడ వినపడ్డా నాకు టెన్షనే. మాదాపూర్‌లో ఏ టీ కొట్టు దగ్గరైనా పది నిమిషాలు నిలబడి వినండి. ఇరవై లక్షల సీనియర్‌ను పంపించేసి, ఆ జీతంతో నలుగురు ఫ్రెషర్లను తీసుకున్న కథ కనీసం ఒకటి వినపడుతుంది. రాత్రి రెండింటికి సర్వర్ పడిపోతే ఆ నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. గవర్నమెంటు ఆస్పత్రి క్యాజువాలిటీకి అర్ధరాత్రి వెళ్లండి, హౌస్ సర్జన్ ఒక్కతే పరిగెడుతుంటుంది, ప్రొఫెసర్ ఫోన్లో. కాలేజీల్లో పాతవాళ్లు రిటైరైతే ఆ పోస్టు ఖాళీగా ఉంచి గెస్ట్ లెక్చరర్‌తో నడిపిస్తారు, గంటకింతని లెక్క. ఏదన్నా తేడా జరిగితే పేపర్లో వచ్చేది ఆ పిల్లల పేరే. అవకాశం ఇచ్చాం, నిలబెట్టుకోలేకపోయారు అంటారు. 43 గోల్స్ తిన్న కుర్రాళ్ల గురించి అన్నదీ ఇదే మాట.

కాబట్టి ఏ క్లబ్ అయినా డిఫెన్స్‌ను కుర్రాళ్లతో మళ్లీ కట్టాలనుకుంటే, ముందు ఒక ముప్పై రెండేళ్ల దేశీ స్టాపర్‌తో మూడేళ్ల కాంట్రాక్టు రాయండి. సీజన్లో సగం మ్యాచ్‌లే ఆడినా పర్లేదు, జీతం పూర్తిగా ఇవ్వండి. అదే నలుగురిని రెండేళ్లు కదపకండి, రెండు మ్యాచ్‌లు ఓడగానే చెదరగొట్టకండి. హైదరాబాద్‌కు ఈ సలహా ఇచ్చే భాగ్యం కూడా లేదు, 2025లో క్లబ్ ఢిల్లీకి తరలిపోయి పేరు మార్చుకుంది.

బార్కస్‌లో ఆ రోజు హాఫ్ టైమ్ తర్వాత చచా గట్టు మీద కూర్చున్నాడు, మోకాలు సహకరించలేదు. ఆయన చోటులోకి ఇంకో పిల్లాడు దిగాడు, కాళ్లలో మంచి వేగం. పది నిమిషాల్లో రెండు గోల్స్ పడ్డాయి. ఎడమ పక్క పిల్లాడు గట్టు వైపు తిరిగి, చేతులు రెండూ చాపి, ఏదో అడుగుతున్నట్టు నిలబడ్డాడు. చచా టీ గ్లాసు పక్కన పెట్టి బ్యాండేజీ బిగించుకోవడం మొదలుపెట్టాడు.