వరండాలో తేల్చేసిన మేలు

మా పెద్దమ్మకు కడుపులో క్యాన్సర్ అని రిపోర్టు వచ్చిన రోజు, ఆసుపత్రి వరండాలో ఆరుగురం నిలబడి ఐదు నిమిషాల్లో తేల్చేశాం. ఆమెకు అల్సర్ అని చెబుదాం, అసలు సంగతి తెలిస్తే టెన్షన్‌తో ఇంకా కుంగిపోతుంది అని. మాలో సంఘ పెద్ద ఒకాయన ఉన్నారు. అబద్ధ సాక్ష్యం పలకకూడదన్న ఆజ్ఞను సండే స్కూల్లో మా చేత కంఠతా పట్టించింది ఆయనే. ఆయన కూడా, "ప్రేమతో చెప్పేదే కదా, దేవుడు తప్పు పట్టడు" అన్నారు.

ఆ మాటను తేలిగ్గా తీసేయలేం. "ప్రేమ పొరుగువానికి కీడు చేయదు గనుక ప్రేమకలిగి యుండుట ధర్మశాస్త్రమును నెరవేర్చుటయే" అని పౌలు రోమీయులకు రాశాడు. ఏ పనీ చేయకూడదన్న నియమం ఉన్న విశ్రాంతిదినం మనుషుల కోసమేనన్న యేసు, ఆ విశ్రాంతిదినానే సమాజమందిరంలో ఊచచెయ్యి (ఎండిపోయిన చెయ్యి) గలవాణ్ణి బాగుచేశాడు.

ఈ ఆలోచనను చివరిదాకా లాక్కెళ్లినవాడు అమెరికాలోని ఎపిస్కోపల్ చర్చి గురువు జోసెఫ్ ఫ్లెచర్. 1966లో వచ్చిన 'సిచ్యుయేషన్ ఎథిక్స్' పుస్తకంలో ఆయన ఒకే ఒక్క కొలత పెట్టాడు: ఈ పరిస్థితిలో ఎదుటి మనిషికి మేలు చేసేది ఏది? నియమాలను పారేయమనలేదు. పెద్దల అనుభవంగా వాటిని గౌరవించమన్నాడు, ప్రేమకు అడ్డొస్తే మాత్రం పక్కన పెట్టమన్నాడు. ఆయన చెప్పే ప్రేమ కొత్త నిబంధన గ్రీకులోని 'అగాపే'. నచ్చినవాడైనా నచ్చనివాడైనా వాడి మేలు కోరి పనిచేయడం. మనసు కరగడంతో దానికి పనిలేదు. ఇలాంటి నీతిని తమ విద్యాసంస్థల్లో బోధించకూడదని వాటికన్ అంతకు పదేళ్ల ముందే, 1956లో ఆదేశించింది.

మా నిర్ణయానికి ఫ్లెచర్ అండ ఉందని చాలాకాలం అనుకున్నాను. తీరా చూస్తే, 1954లో వైద్యనీతి మీద రాసిన పుస్తకంలో, తన జబ్బు గురించి నిజం తెలుసుకునే హక్కు రోగికి ఉందని ఆయన ఒక అధ్యాయమంతా వాదించాడు. నిజం దాచామంటే ఆ మనిషి తన బతుకు గురించి తాను నిర్ణయించుకునే అవకాశాన్ని లాగేసుకున్నట్టే. ప్రేమ పేరుతో అబద్ధానికి తలుపు తీశాడని ఎవరినైతే తిట్టారో, ఆ మనిషే మా అబద్ధాన్ని ఒప్పుకునేవాడు కాదేమో.

ఫ్లెచర్‌తో గట్టిగా వాదించినవాళ్లలో అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో క్రైస్తవ నీతిని బోధించిన పాల్ రామ్సే ఒకరు. ప్రేమ ప్రతిసారీ కొత్తగా లెక్కలు వేసుకోనక్కర్లేదు, మాట నిలబెట్టుకోవడం లాంటి కట్టుబాట్లను ప్రేమే పుట్టిస్తుంది అంటాడాయన. నాకు ఇందులో పెద్ద నిజం కనిపిస్తుంది, ఎందుకంటే లెక్క వేసే చోట భయం కూడా కూర్చుంటుంది. మేం పెద్దమ్మ టెన్షన్‌ను లెక్కించాం. ఆమె మంచం పక్కన కూర్చుని, కళ్లలోకి చూస్తూ ఆ మాట చెప్పాల్సి వస్తుందన్న మా భయాన్ని మాత్రం లెక్కలోకి రానివ్వలేదు.

అలాగని అబద్ధమంతా ఒకటే అనను. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఫ్రాన్స్‌లోని లె షాంబోన్ ఊళ్లో ప్రొటెస్టెంట్ రైతులు, పాస్టర్లు యూదులను ఇళ్లలో దాచి, వాళ్లకు దొంగ గుర్తింపు కార్డులు తయారుచేసి ఇచ్చారు. ఆ ప్రాణాలు దక్కడానికి ఆ కార్డులు కావాలి. కానీ వాళ్లు మభ్యపెట్టింది పట్టుకుపోవడానికి వచ్చినవాళ్లను. మేం మభ్యపెట్టింది ఎవరినైతే ప్రేమించామని చెప్పుకున్నామో ఆమెనే.

యెరికో దారిలో గుడ్డివాడైన బర్తిమయి కేకలు వేస్తుంటే యేసు ఆగి, దగ్గరికి పిలిపించి, "నేను నీకేమి చేయగోరుచున్నావు?" అని అడిగాడు. గుడ్డివాడికి ఏం కావాలో చూసేవాళ్లందరికీ తెలుసు. అయినా అడిగాడు. క్రైస్తవ ప్రేమనీతి మొదలవ్వాల్సింది ఇక్కడేనని నాకనిపిస్తుంది. మేం ఆరుగురం ఒకరినొకరం అడిగాం. తలుపు అవతల ఉన్న ఆమెను ఒక్కమాట అడగలేదు.

పొలం గట్టు గొడవతో పెద్దమ్మకు, ఆమె చెల్లెలికి పదకొండేళ్లుగా మాటల్లేవు. ఆ సంగతి మాకందరికీ తెలుసు. చివరి వారంలో నిజం తెలిశాక ఆమె ఏడవలేదు, మమ్మల్ని తిట్టలేదు. "ముందే చెప్పాల్సింది రా. కాలు కదిలిన రోజుల్లోనే చెల్లి గడప నేనే తొక్కేదాన్ని" అంది. అప్పటికి పక్క మీద ఒత్తిగిల్లాలన్నా ఇద్దరం పట్టుకోవాల్సి వచ్చేది.