సీజీఐ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ కామన్ గేట్‌వే ఇంటర్‌ఫేస్ గారి సముఖమునకు, నమస్కారములు. ఉభయకుశలోపరి.

వెబ్ సర్వర్‌కి రిక్వెస్టు వస్తే బయటి ప్రోగ్రామును నడిపించి జవాబు తెప్పించే పాత పద్ధతి తమరు. కుశలం అని అలవాటుకొద్దీ రాశాను గానీ, మీ పరిస్థితి మాకు తెలియనిదా? 2015లో పెర్ల్ అనే ప్రోగ్రామింగ్ భాష తన 5.22 వెర్షన్‌తో మీ మాడ్యూల్‌ని బయటికి పంపింది. 2024లో పైథాన్ భాష 3.13 వెర్షన్ కూడా అదే పని చేసింది. ఎన్‌జినెక్స్ అనే వెబ్ సర్వర్ అయితే మిమ్మల్ని అసలు గడపే తొక్కనివ్వలేదు.

మీ మీద మోపిన నేరం నిదానం. అబద్ధమేమీ కాదు. 1993లో ఎన్‌సీఎస్‌ఏ అనే అమెరికా సూపర్‌కంప్యూటింగ్ కేంద్రంలో పుట్టిన నాటి నుంచి మీది ఒకటే పద్ధతి. రిక్వెస్టు రాగానే కొత్త ప్రాసెస్ పుట్టాలి, పెర్ల్ మొత్తం లోడవ్వాలి, డేటాబేస్ కనెక్షన్ తెరవాలి, "నమస్కారం" అని ఒక్క ముక్క ప్రింట్ చేసి కన్నుమూయాలి. తర్వాతి రిక్వెస్టుకి మళ్లీ పురుడు, మళ్లీ దినాలు.

ఇది చూడలేక నెట్‌స్కేప్ వారు ఎన్ఎస్ఏపీఐని, మైక్రోసాఫ్ట్ వారు ఐసాపీని దింపారు. ఇద్దరూ ఇల్లరికపు అల్లుళ్లే. నేరుగా సర్వర్ ప్రాసెస్ లోపలే కాపురం పెట్టారు. వేగానికి వంక పెట్టలేం. కాకపోతే అల్లుడుగారు ఒక్క నల్ పాయింటర్ (ఎక్కడికీ చూపని చిరునామా) మీద కాలేస్తే మామగారితో సహా కొంప కూలేది. పైగా నెట్‌స్కేప్ కోసం రాసింది మైక్రోసాఫ్ట్ వారి వెబ్ సర్వర్ ఐఐఎస్‌లో చెల్లదు. 2001లో కోడ్ రెడ్ వార్మ్ దూరింది కూడా ఐడీక్యూ.డీఎల్ఎల్ అనే ఐసాపీ ఎక్స్‌టెన్షన్ లోంచే. అక్కడ ఒక బఫర్ (డేటాకి కేటాయించిన చోటు) పొంగింది, ఐఐఎస్ సర్వర్లు వేలకు వేలు పరాధీనమయ్యాయి.

1996లో ఫాస్ట్‌సీజీఐ వచ్చి మధ్యేమార్గం చూపించింది. ప్రోగ్రాము సర్వర్‌కి బయటే ఉంటుంది, కానీ చావదు. నన్నడిగితే చిక్కంతా ఆ చావకపోవడంలోనే ఉంది. అపాచీ అనే వెబ్ సర్వర్ లోపలే పెర్ల్‌ని నడిపే మోడ్_పెర్ల్‌లోనూ అంతే. గ్లోబల్ వేరియబుల్‌ని ఖాళీ చేయకుండా వదిలేస్తే ఒకరి లాగిన్ పేరు ఇంకొకరి పేజీలో పలకరిస్తుంది. మీ దగ్గర ఆ భయం లేదు. చావే మీ శుభ్రత. ఎంత చెత్త కోడ్ రాసినా ప్రాసెస్‌తో పాటే పోయేది. మాలాంటి వాళ్ల ఉద్యోగాలు నిలిచింది అందుకే.

అలాగని మీరు పత్తిత్తులని అనడం లేదు. అవతలివాడు పంపిన దాదాపు ప్రతి హెడర్‌నీ (రిక్వెస్టుతో వచ్చే వివరాల లైను) తీసుకెళ్లి ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో పెట్టే మీ అమాయకత్వం వల్లే 2014లో బ్యాష్ అనే కమాండ్ షెల్‌లోని షెల్‌షాక్ లోపం మీ గుమ్మం దాకా వచ్చింది. బ్రౌజర్ పేరు చెప్పే యూజర్-ఏజెంట్ హెడర్ స్థానంలో నాలుగు బ్రాకెట్లూ ఒక కమాండూ పెడితే చాలు, బ్యాష్ దాన్ని శిరసావహించేది. 2016లో "ప్రాక్సీ" అనే హెడర్ పంపితే మీరు దాన్ని హెచ్‌టీటీపీ_ప్రాక్సీ అని రాసుకున్నారు. బయటికి పంపే రిక్వెస్టులు ఏ మధ్యవర్తి మీదుగా పోవాలో చెప్పే వేరియబుల్ పేరు కూడా అదే. ప్రోగ్రాములు అది యజమాని ఆజ్ఞ అనుకుని, తమ లావాదేవీలన్నీ దొంగ ఇంటి మీదుగా నడిపాయి. హెడర్ పేర్ల ముందు మీకు "హెచ్‌టీటీపీ_" అని తగిలించే అలవాటు నేర్పినవారికి ఓ దండం.

ఇంకో వార్త. ఇప్పుడు క్లౌడ్ వారు రిక్వెస్టు వస్తేనే లేచి, పని లేనప్పుడు పోయే ప్రోగ్రాములు అమ్ముతున్నారు. లేవడానికి పట్టే సమయానికి "కోల్డ్ స్టార్ట్" అని గౌరవంగా పేరు పెట్టారు. మీ విషయంలో అదే జబ్బు అన్నారు. రాయల్టీ అడగండి, మొహమాటపడకండి.

ఇక విన్నపం. కంటెంట్-టైప్ తర్వాత ఒక్క ఖాళీ లైను మరిచినా 500 ఎర్రర్ (సర్వర్ లోపల తప్పు జరిగిందనే సందేశం). స్క్రిప్టు మొదటి లైను చివర విండోస్ వాడి క్యారేజ్ రిటర్న్ (కంటికి కనిపించని లైను-ముగింపు గుర్తు) అంటుకుని వచ్చినా 500. ఎగ్జిక్యూట్ పర్మిషన్ లేకపోయినా 500. లాగ్ తెరిస్తే చాలాసార్లు, ఒకప్పుడు "ప్రిమెచ్యూర్ ఎండ్ ఆఫ్ స్క్రిప్ట్ హెడర్స్" అని, ఇప్పుడు "ఎండ్ ఆఫ్ స్క్రిప్ట్ అవుట్‌పుట్ బిఫోర్ హెడర్స్" అని శ్లోకం. అది అపాచీ చదువుతుందనీ, మీరు చదవరనీ తెలుసు. అయినా పాత పరిచయం కొద్దీ ఆ అపాచీ వారికి ఒక మాట చెప్పి, లోపం ఏ లైనులో ఉందో రాయించండి.

ఇట్లు,
తమ ప్రోగ్రాములుండే సీజీఐ-బిన్ ఫోల్డర్‌లో ఇంకా ఒక ఫారమ్ నడుపుతున్న విధేయుడు