వంగిన బ్రేక్ లీవర్‌ని సాపు చేసి పిల్లల చేతికివ్వకండి

ఇందాకే చూశాను, ఇంకా ఒళ్లు మండుతోంది. రిపేరు షాపులో ఓ పిల్లాడి సైకిల్‌కి వంగిన బ్రేక్ లీవర్‌ని పైపులో దూర్చి, వెనక్కి వంచి, "అయిపోయింది, తీసుకెళ్లు" అని ఇచ్చేశారు. వంపు దగ్గర వెంట్రుకంత చీలిక కంటికి కనిపిస్తూనే ఉంది. ఆ పిల్లాడు దాన్నేసుకుని వాలు రోడ్డు దిగుతాడు కదా!

వైరు బదులు కడ్డీలతో పనిచేసే రాడ్ బ్రేకుల పాత సైకిళ్ల లీవర్ ఉక్కుది. రెండు దెబ్బలేస్తే దారికొచ్చేది. ఆ అలవాటు ఇంకా పోలేదు. ఇప్పటి లీవర్లు చాలావరకు అల్యూమినియం. వంగినప్పుడే బలం పోతుంది, తిరిగి వంచితే చీలుతుంది. విరిగేది కూడా ఎప్పుడు? అడ్డంగా ఆటో వచ్చినప్పుడు, మొత్తం బలంతో నొక్కినప్పుడు. మీ సైకిల్‌ది ఏ లోహమో తెలియకపోతే అయస్కాంతం పెట్టండి. అంటుకోలేదా, వంచే మాటే వద్దు, మార్చేయండి. లీవర్ కొసన ఉండే గుండు విరిగినా అంతే. పడ్డప్పుడు ఆ మొన చేతిలోనో పొట్టలోనో దిగుతుంది.

మార్చడం ఇంట్లో అరగంట పని. 5 ఎంఎం అలెన్ కీ (ఆరు పలకల వంపు తాళం), 10 ఎంఎం పానా, ఓ స్క్రూడ్రైవర్ ఉంటే చాలావాటికి సరిపోతాయి. మొదట బ్రేక్ దగ్గర వైరు వదులు చేయండి. లీవర్ దగ్గర వైరు బిగువు సర్దడానికి స్క్రూలా తిరిగే అడ్జస్టర్‌కీ, దాని రింగుకీ, లీవర్‌కీ ఒక్కో గాడి ఉంటుంది. మూడూ ఒకే వరసలోకి తెస్తే వైరు పక్కకి జారి, దాని గుండు కిందికి ఊడొస్తుంది. లీవర్ బయటికి రావాలంటే గ్రిప్, అంటే హ్యాండిల్ రబ్బరు తొడుగు తీయాలి. దాని కింద సబ్బునీళ్లు పోసి మెలితిప్పుతూ లాగండి. నూనె మాత్రం వద్దు, తర్వాత గ్రిప్ చేతిలో తిరుగుతుంది.

కొత్తది కొనేటప్పుడే అసలు మోసం. "అన్నీ ఒకటే" అంటారు. ఒకటి కాదు! వీ బ్రేక్ అంటే చక్రానికి రెండు పక్కలా విడివిడిగా పొడవాటి చేతులున్నది, కాలిపర్ అంటే చక్రం పైన ఒకే బోల్టుకి బిగించిన పట్టకారులాంటిది. వీ బ్రేక్ లీవర్ వైరుని ఎక్కువ లాగుతుంది, కాలిపర్ బ్రేక్‌ది తక్కువ. వీ బ్రేకుకి కాలిపర్ లీవర్ బిగిస్తే బ్రేక్ పట్టేలోపే లీవర్ గ్రిప్‌కి తగులుతుంది. అటుదిటు చేస్తే లీవర్ రాయిలా గట్టిగా ఉంటుంది, బండి ఆగదు. పాత లీవర్ పట్టుకెళ్లి, లీవర్ తిరిగే ఇరుసు నుంచి వైరు గుండు కూర్చునే చోటుకి దూరం పక్కపక్కన పెట్టి చూసుకోండి. వైరు చిట్లితే అదీ మార్చండి. బ్రేక్ వైరు మందం 1.5 లేదా 1.6 ఎంఎం. గేర్ వైరు సన్నం, గుండు చిన్నది. "సర్దుకుంటుంది" అని అదే దూర్చి పంపేవాళ్లని ఏమనాలి?

కొత్త లీవర్‌ని హ్యాండిల్‌కి బిగించేటప్పుడు కండబలం చూపించకండి. చేత్తో నొక్కితే కదలకూడదు, కానీ సైకిల్ పడ్డప్పుడు హ్యాండిల్ మీద తిరగాలి. మరీ బిగిస్తే తిరగదు, విరుగుతుంది. మణికట్టు వంగకుండా వేళ్లు అందేలా కొంచెం కిందికి వాల్చండి. రిమ్ముకీ బ్రేక్ కట్టకీ మధ్య 1, 2 ఎంఎం సందు ఉంచి, లీవర్‌ని గట్టిగా పదిసార్లు నొక్కండి. వైరు వదులైతే మళ్లీ లాగి బిగించండి. బ్రేక్ దగ్గర వైరుని పట్టే బోల్టు దాటి 3, 4 సెంటీమీటర్ల వైరు ఉంచి కత్తిరించి, చివరకి టోపీ తొడగండి. ఆ చిన్న ముక్క లేక ఎంతమంది పిల్లల పిక్కలు గీరుకుపోతున్నాయో!

ఇంకోటి ఎన్నాళ్లుగానో కడుపులో ఉంది. చాలా లీవర్ల మీద చిన్న స్క్రూ ఒకటి ఉంటుంది. కుడికి తిప్పితే లీవర్ గ్రిప్‌కి దగ్గరగా వస్తుంది. చిన్న చేతుల కోసమే అది. తిప్పాక కట్టలు రిమ్ముకి రాసుకుంటే వైరు కాస్త వదలాలి, అంతే. దాన్ని ముట్టుకున్న అమ్మకందారు ఒక్కడు కనపడడు! ఎనిమిదేళ్ల పిల్ల వేళ్ల కొసలతో లీవర్ని అందుకోలేక కాళ్లు నేలకి రాసి ఆపుకుంటుంటే, "దీనికి భయం ఎక్కువ" అంటారు. వేలల్లో డబ్బు తీసుకుని సైకిల్ అమ్మేటప్పుడు, ఆ పిల్లని సీటు మీద కూర్చోబెట్టి "ఏదీ అమ్మా, బ్రేక్ నొక్కు" అని ఒక్కసారి అడగలేరా?