బడిలో చేరిన బిడ్డకు తోడెవరు?

ఒక మండల కేంద్రానికి దగ్గరలోని ప్రాథమిక పాఠశాలలో, వరండా చివర, పిల్లల చెప్పుల వరస పక్కనే ఒక తల్లి రోజంతా కూర్చుని ఉండటం చూశాను. నాలుగో తరగతి చదువుతున్న ఆమె కూతురికి సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడులోని లోపం వల్ల కండరాలు అదుపులో ఉండని వైకల్యం. పాప ఎక్కాలు గడగడా అప్పజెబుతుంది, తెలుగు వాచకం తప్పుల్లేకుండా చదువుతుంది, కానీ కాళ్లు నిలబడవు. ఇంటర్వెల్ గంట కొట్టగానే తల్లి లోపలికి వెళ్లి పాపను ఎత్తుకుని మరుగుదొడ్డికి తీసుకెళ్లాలి. తల్లి కూలికి వెళ్లక తప్పని రోజున పాప ఇంట్లోనే ఉండిపోతుంది, లేదా బడికి వచ్చి సాయంత్రం దాకా చుక్క నీళ్లు ముట్టకుండా గడుపుతుంది. దాహం వేయదా అని అడిగితే, "తాగితే ఒంటేలుకు పోవాలి కదా సార్" అంది. ఆ బడికి ర్యాంపు ఉంది, పట్టుకోవడానికి కమ్మీ ఉంది, దివ్యాంగ పిల్లలను తోటి పిల్లలతో కలిపి చదివించే సహిత విద్య రిజిస్టరులో పాప పేరూ ఉంది. లేనిదల్లా ఆమెను గదిలోంచి మరుగుదొడ్డి దాకా తీసుకెళ్లే మనిషి.

ప్రత్యేక అవసరాలున్న పిల్లల చదువు గురించి మన ప్రభుత్వాలు మాట్లాడేటప్పుడు చర్చంతా ప్రత్యేక ఉపాధ్యాయుల చుట్టూ తిరుగుతుంది. ఆ ఉపాధ్యాయులు కావాలి, అందులో రెండో మాట లేదు. కానీ బ్రెయిలీ నేర్పే టీచరో, మాట సరిదిద్దే టీచరో వారానికి ఒకటి రెండు రోజులు వచ్చి వెళ్లిన తర్వాత, మిగిలిన రోజుల్లో బిడ్డకు అన్నం తినిపించేది, చక్రాల కుర్చీ తోసేది, మూర్ఛ వస్తే పట్టుకునేది ఎవరన్న ప్రశ్నకు మన పాఠశాలల సిబ్బంది జాబితాలో జవాబు లేదు. ఆ ఖాళీని తల్లులు పూరిస్తున్నారు. తల్లికి వీలు కాకపోతే అదే బడిలో చదివే అక్క పాఠం వదిలేసి వస్తుంది. అంటే ఒక బిడ్డ వైకల్యానికి మరో బిడ్డ చదువు కూడా మూల్యంగా చెల్లిస్తున్నాం.

2017 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించి, వైకల్యం 40 శాతానికి తగ్గని పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్యను హక్కుగా ప్రకటించింది. విద్యాసంస్థలు ప్రతి బిడ్డకూ అవసరమైన వ్యక్తిగత తోడ్పాటు అందించేలా ప్రభుత్వాలు కృషి చేయాలని ఆ చట్టం 16వ సెక్షన్ చెబుతుంది. అయితే ఆ సెక్షన్‌లో సహాయకుల ప్రస్తావన నేరుగా వచ్చేది ఒకే ఒక్క చోట: తోడ్పాటు ఎక్కువగా అవసరమైన పిల్లలతో పాటు వారి సహాయకులకు కూడా రవాణా సౌకర్యం కల్పించాలన్న చోట. సహాయకుడికి బస్సులో సీటు ఇవ్వాలని చెప్పిన సెక్షన్ అతణ్ణి ఎవరు నియమించాలో, జీతం ఎవరివ్వాలో చెప్పలేదు. అలా చెప్పని చోటే ఆ తల్లి వరండాలో కూర్చుని ఉంది.

ఉపాధ్యాయుల విషయంలో కొంత కదలిక వచ్చిన మాట నిజం. రజనీష్ కుమార్ పాండే కేసులో 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత, ప్రాథమిక తరగతుల్లో ప్రతి పదిమంది దివ్యాంగ విద్యార్థులకు ఒకరు, ఆపై తరగతుల్లో ప్రతి పదిహేను మందికి ఒకరు చొప్పున ప్రత్యేక ఉపాధ్యాయులు ఉండాలన్న నిష్పత్తి ఖాయమైంది. తెలంగాణ 2024 డీఎస్సీలోని 11,062 పోస్టుల్లో 1,016 ప్రత్యేక విద్యకు కేటాయించింది. మరుసటి ఏడాది ఆంధ్రప్రదేశ్ 2,260 ప్రత్యేక విద్యా ఉపాధ్యాయ పోస్టులను కొత్తగా మంజూరు చేసింది. ఇవి స్వాగతించదగిన నిర్ణయాలు. కానీ ఒక నిష్పత్తి కోర్టు దాకా వెళ్లి ఖరారైన తర్వాతే పోస్టులు ఈ స్థాయిలో కదిలాయని గమనిస్తే, ఏ నిష్పత్తీ లేని సహాయకుల పోస్టులు ఎందుకు కదలడం లేదో అర్థమవుతుంది.

రెండు రాష్ట్రాల్లోనూ ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాలు ఉన్నాయి, వాటిలో చాలాచోట్ల ఆయాలూ ఉన్నారు కదా అని అధికారులు అనవచ్చు. ఆ కేంద్రాలు చేస్తున్న మేలు చిన్నది కాదు. ఫిజియోథెరపిస్టు ముఖం చూడని పల్లెల పిల్లలకు వ్యాయామం చేయించే దిక్కు అవే. కానీ ఆయా ఉండేది భవిత కేంద్రంలో, పాప చదివేది తన ఊరి బడిలో. ఆయా సాయం కావాలంటే పాప తన తరగతిని, తన స్నేహితురాళ్లను వదిలి కేంద్రానికి రావాలి. సహిత విద్య అన్న పేరుకే ఇది విరుద్ధం.

డబ్బు సంగతి కూడా చూద్దాం. పాఠశాల విద్యకు నిధులిచ్చే కేంద్ర పథకం సమగ్ర శిక్ష కింద ఒక్కో దివ్యాంగ విద్యార్థికి ఏడాదికి 3,500 రూపాయల వరకు కేటాయించవచ్చు. ఉపకరణాలు, పుస్తకాలు, నిర్ధారణ శిబిరాలు, భత్యాలు అన్నీ అందులోనే. అవన్నీ పక్కనపెట్టి పదిమంది పిల్లల సొమ్ము మొత్తం ఒక్క సహాయకురాలికే ఇచ్చినా ఏడాదికి 35,000, అంటే నెలకు మూడు వేలు కూడా రాదు. కాబట్టి ఉన్న నిధిలోనే సర్దుకోండని జిల్లా అధికారులకు చెప్పడం కుదరని పని. సహాయకుల జీతం రాష్ట్ర బడ్జెట్‌లో విడి పద్దుగా రావాలి.

ప్రైవేటు బడుల్లో ఇదే పనికి 'షాడో టీచర్' అని పేరు. హైదరాబాద్ వంటి నగరాల్లో ఆటిజం ఉన్న బిడ్డను చేర్చుకోవాలంటే షాడో టీచర్‌ను తల్లిదండ్రులే పెట్టుకోవాలని షరతు పెట్టడం మామూలైపోయింది. ఫీజుకు తోడు ఇంకో జీతం. 16వ సెక్షన్ ప్రభుత్వ నిధులతో నడిచే బడులకే కాక, ప్రభుత్వ గుర్తింపు పొందిన బడులన్నింటికీ వర్తిస్తుంది. ఆ లెక్కన తోడ్పాటు అందించే బాధ్యత బడిదే. ఈ షరతును విద్యాశాఖ ఇంతవరకు గట్టిగా ప్రశ్నించకపోవడం నాకు బాధ కలిగించే విషయం.

అలాగని ప్రతి బిడ్డ పక్కనా ఒక మనిషిని కూర్చోబెడితే సమస్య తీరిపోతుందని అనుకోవడం పొరపాటు. బ్రిటన్‌లో లండన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2003 నుంచి కొన్నేళ్లపాటు తరగతి సహాయకుల పనిని విస్తృతంగా పరిశీలించినప్పుడు, సహాయకుల తోడ్పాటు ఎక్కువగా పొందిన పిల్లలు, అలాంటి స్థితిలోనే ఉండి తక్కువ తోడ్పాటు పొందిన పిల్లల కంటే చదువులో వెనకబడ్డారని తేలింది. తప్పు సహాయకులది కాదు. సహాయకురాలు ఉంది కదా అని ఉపాధ్యాయుడు ఆ బిడ్డను ఆమెకే వదిలేశాడు. పాఠం ఏమిటో ముందుగా ఆమెకు చెప్పినవారు లేరు. ఒక పెద్ద మనిషి ఎప్పుడూ అంటిపెట్టుకుని ఉంటే తోటి పిల్లలు దగ్గరకు రారని, బిడ్డ తానే చేయగల పనులు కూడా మరిచిపోతుందని అమెరికా పరిశోధకులు కూడా గమనించారు. కాబట్టి సహాయకురాలు బిడ్డకు కాక తరగతికి చెందిన మనిషిగా ఉండాలి. పాప పలక మీద రాస్తున్నప్పుడు ఆమె వెనక వరసలో మరో పిల్లవాడికి పెన్సిల్ చెక్కి ఇస్తూ ఉండాలి. పాప చెయ్యి ఎత్తినప్పుడు దగ్గరకు రావాలి. పాఠం చెప్పడం మాత్రం ఉపాధ్యాయుడి పనిగానే మిగలాలి.

ఈ పనికి డిగ్రీలు అక్కర్లేదు, కానీ శిక్షణ తప్పనిసరి. మూర్ఛ వచ్చిన పిల్లవాడి చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టడం మన ఊళ్లలో ఇప్పటికీ చూస్తాం. చేయాల్సింది పక్కకు ఒత్తిగిలబెట్టడం, నోట్లో ఏమీ పెట్టకపోవడం, గడియారం చూసుకుని ఐదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి తరలించడం. సెరిబ్రల్ పాల్సీ ఉన్న బిడ్డను వెనక్కి వాల్చి అన్నం పెడితే మెతుకు శ్వాసనాళంలోకి పోవచ్చు. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి ఉండేలా చూసి, చిన్న చెంచాతో పెట్టాలి. నేర్పే సంస్థలు మనకు దూరంలో లేవు. మేధో వైకల్యంపై 1984 నుంచి పనిచేస్తున్న జాతీయ సంస్థ సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోనే ఉంది.

నియామకంలో మొదటి అవకాశం దివ్యాంగ పిల్లల తల్లులకు ఇవ్వాలన్నది నా అభిప్రాయం. ఏళ్ల తరబడి జీతం లేకుండా చేస్తున్న పనినే వాళ్లు జీతంతో చేస్తారు. అయితే సొంత బిడ్డ ఉన్న తరగతి కాకుండా వేరే తరగతి అప్పగిస్తే తల్లీబిడ్డలిద్దరికీ మంచిది. బడి మరుగుదొడ్డి శుభ్రం చేసే ఆయాకే ఈ పనీ అదనంగా అంటగట్టి చేతులు దులుపుకోకూడదు. ఎదిగే ఆడపిల్లలకు మహిళలే సహాయకులుగా ఉండాలి. పిల్లల ఒంటిని తాకి చేసే పని కాబట్టి నియామకానికి ముందు పోలీసు విచారణ జరగాలి, ఫిర్యాదు ఎవరికి చెప్పాలో మాటలు రాని బిడ్డ తల్లిదండ్రులకు రాతపూర్వకంగా తెలియజేయాలి. ఐదో తరగతి పూర్తయి బిడ్డ హైస్కూలుకు మారినప్పుడు ఈ ఏర్పాటు కూడా వెంట వెళ్లాలి. వరండాలో నేను చూసిన తల్లి, రెండు కిలోమీటర్ల దూరంలోని హైస్కూలుకు ఇప్పటికే ఒకసారి వెళ్లి, ఆరో తరగతి గదికీ మరుగుదొడ్డికీ మధ్య ఎన్ని మెట్లున్నాయో లెక్కపెట్టుకుని వచ్చింది.