చప్పట్లు చాలు, మీటింగ్‌లో చోటివ్వండి

వాతావరణ మార్పు మీద పిల్లల చేత మాట్లాడించడం మనకు బాగా అలవాటైపోయింది. మైకు ఇస్తాం, ఫోటో దిగుతాం, మెమెంటో చేతిలో పెట్టి తర్వాతి ఐటమ్‌కి వెళ్ళిపోతాం. 1992లో బ్రెజిల్‌లోని రియోలో జరిగిన ఐక్యరాజ్య సమితి పర్యావరణ సదస్సులో కెనడాకు చెందిన 12 ఏళ్ళ అమ్మాయి సెవర్న్ కల్లిస్-సుజుకీ ప్రపంచ నాయకులను నిలదీసింది. ఆ ఏడాది గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల పాళ్ళకు సుమారు 356 పాళ్ళు ఉండేది. ఇప్పుడది 420 దాటింది. ఆ ప్రసంగాన్ని మాత్రం ఇప్పటికీ మెచ్చుకుంటూనే ఉన్నాం.

దీనికి పూర్తిగా భిన్నమైన దారి పట్టినవాళ్ళున్నారు. 2019లో యూనివర్సిటీ ఆఫ్ ద సౌత్ పసిఫిక్‌లో లా చదువుతున్న 27 మంది విద్యార్థులు, వాతావరణం విషయంలో దేశాల బాధ్యతేమిటో అంతర్జాతీయ న్యాయస్థానం చేతే చెప్పించాలనుకున్నారు. వాళ్ళు చేసిన తెలివైన పని, ఆ కోర్టు తలుపు ఎవరు తట్టగలరో ముందు తెలుసుకోవడం. విద్యార్థులు నేరుగా వెళ్ళలేరు, ఐక్యరాజ్య సమితి సాధారణ సభ అడగాలి. సభలో ప్రతిపాదన పెట్టడానికి ఒక ప్రభుత్వం కావాలి. పసిఫిక్‌లోని చిన్న ద్వీప దేశం వనువాటు ప్రభుత్వాన్ని ఒప్పించారు. 2023 మార్చిలో సభ తీర్మానం చేసింది. 2025 జులైలో కోర్టు తన అభిప్రాయం చెప్పింది: వాతావరణాన్ని కాపాడటం దేశాల చట్టపరమైన బాధ్యత. అది సలహా మాత్రమే, నిజమే. కానీ ఇకపై జరిగే వాదనల్లో ఆ మాట లేదన్నట్టు నటించడం ఎవరికైనా కష్టం.

అమెరికాలోని మోంటానాలో 16 మంది పిల్లలు, యువకులు 2020లో కేసు వేశారు. వాళ్ళు పట్టుకున్నది తమ రాష్ట్ర రాజ్యాంగంలోనే ఉన్న శుభ్రమైన పర్యావరణ హక్కుని. 2023లో కింది కోర్టులో గెలిచారు, 2024 డిసెంబరులో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ తీర్పుని సమర్థించింది.

ఈ రెండు చోట్లా పిల్లలకు పనికొచ్చింది ధ్రువపు ఎలుగుబంట్ల బొమ్మలు కాదు. ఏ నిర్ణయం ఏ గదిలో జరుగుతుంది, అక్కడ ఎవరిని అడగాలి అన్న లెక్క. మన వాతావరణ పాఠాల్లో ఇదే ఉండదు. అమెరికాలోనే మరో రాష్ట్రం న్యూజెర్సీ 2022 సెప్టెంబరు నుంచి అన్ని తరగతుల్లో, సైన్సుకే పరిమితం చేయకుండా వాతావరణ మార్పుని చెప్పిస్తోంది. మంచి అడుగే. అయితే స్కూలు బస్సులు డీజిల్‌తో నడవాలా కరెంటుతోనా అని తేల్చే బోర్డు మీటింగ్‌కి ఒక క్లాసుని తీసుకెళ్ళి కూర్చోబెడితే, నా దృష్టిలో, పది పాఠాలకు సమానం.

"చదువుకునే వయసులో వాళ్ళకీ టెన్షన్లెందుకు?" అంటారు పెద్దవాళ్ళు. టెన్షన్ వాళ్ళకి ఇప్పటికే ఉంది, ఫోన్ తెరిస్తే వార్తలన్నీ అవేగా. భయం తెలిసి, చేయడానికి ఏమీ లేకపోవడమే అసలు బాధ. (మొక్కలు నాటడం మీద నాకేం కోపం లేదు. ఫోటో అయ్యాక నీళ్ళెవరు పోస్తారన్నదే నా సందేహం.)

సంఘాల్లో యువజన విభాగాలకు మనం ఇచ్చేది ఎక్కువగా కుర్చీలు సర్దే పని, చెత్త ఏరే పని. దాన్ని సేవ అంటాం. ఖర్చు పద్దు మాత్రం వాళ్ళకి చూపించం. కార్యక్రమాల కరెంటు, ప్రయాణాలు, ప్లాస్టిక్, మిగిలి పారేసే తిండి, ఇవన్నీ ఒక ఏడాది లెక్క కట్టమని వాళ్ళకే అప్పగిద్దాం. ఆ లెక్కని కార్యవర్గం ముందు పెట్టే హక్కు, దాని మీద ఓటు కూడా ఇద్దాం. వాళ్ళు అడిగేది మనకి నచ్చకపోతే, ఎందుకు కాదన్నామో మినిట్స్‌లో రాద్దాం.